డిక్షనరీ కరెక్టే... కానీ ఆ మాట వద్దు!

జర్మన్‌లో ‘గిఫ్ట్’ అంటే విషం. ‘మిస్ట్’ అంటే పేడ. ఇలాంటివి రీల్స్‌లో చూసి మనం తెగ నవ్వుకుంటాం. నా పనిలో మాత్రం ఇవి ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. అర్థం మొత్తానికే వేరు కాబట్టి ఎవరో ఒకరు పట్టేస్తారు. అసలు తలనొప్పి అంతా డిక్షనరీ ప్రకారం నూటికి నూరు శాతం కరెక్ట్‌గా ఉన్న మాటలతోనే.

నేనుండేది పాతబస్తీ, శాలిబండలో. రోజూ ఎంజీబీఎస్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగుతా. అక్కడ ఒక షాపింగ్ యాప్‌ను వేర్వేరు భాషల్లోకి తెచ్చే టీమ్‌లో ఇంజినీర్‌ని. నేను రాసేది కోడే. కానీ బటన్ మీద మాటైనా, ఆఫర్ బ్యానరైనా నా ఫైళ్లలోంచే బయటికి వెళ్లాలి.

మొదట్లో తగిలిన మాట ‘బిల్లిగ్’. తక్కువ ధర అని అర్థం. ఒకప్పుడు దానికి ‘న్యాయమైనది’ అనే మర్యాద ఉండేదట. ఇప్పుడు నాసిరకం వాసన అంటుకుంది. అందుకే చాలా షాపులు ‘ప్రైస్‌వెర్ట్’ అని రాసుకుంటాయి, అంటే పెట్టిన డబ్బుకు తగినది అని. ఇది నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. లాడ్ బజార్లో గాజుల కొట్టు ముందు నిలబడి ‘సస్తా మాల్ హై క్యా’ అని అడిగి చూడండి, ఆయన మొహం ఎలా మారుతుందో! అదే ‘వాజిబీ దామ్ బోలో భాయ్’ అంటే స్టూల్ వేసి కూర్చోబెడతాడు. వాజిబీ అన్నా న్యాయమైనదనే. మన ‘చౌక’ కూడా ‘చౌకబారు’ దాకా జారిపోయింది. ‘అగ్గువ’ మాత్రం ఇంకా శుభ్రంగానే ఉంది. అగ్గువకు కొన్న చీరను మా నానమ్మ వాడకట్టంతా తిప్పి చూపించేది.

ఇక్కడిదాకా సరదానే. తర్వాత ప్రీమియం కస్టమర్లకు ‘స్పెషల్ ట్రీట్‌మెంట్’ అనే బ్యానర్ వచ్చింది. మెషిన్ దాన్ని ‘జోండర్‌బెహాండ్లుంగ్’ చేసింది. జోండర్ అంటే ప్రత్యేకం, బెహాండ్లుంగ్ అంటే ట్రీట్‌మెంట్. ఒక్క అక్షరం తప్పు లేదు. జర్మన్ రివ్యూ చూసే ఆవిడ మాత్రం ‘ఇది వద్దు’ అని పెట్టి, తర్వాత కాల్‌లో కారణం చెప్పింది. నాజీల ఆఫీసు కాగితాల్లో ఆ మాటకు అర్థం చంపేయడం. చంపాం అని రాయకుండా స్పెషల్ ట్రీట్‌మెంట్ ఇచ్చాం అని రాసేవాళ్లు. మామూలు మాటల్లో జనం ఇప్పటికీ దాన్ని వాడతారట. కానీ బ్యానర్ మీద అంత పెద్ద అక్షరాల్లో పెట్టే మాట కాదు అంది.

అక్కడి కంపెనీలకే ఈ దెబ్బ తగిలింది. ‘యేడెమ్ దాస్ జైనె’ అంటే ‘ఎవరిది వాళ్లకు’. రోమన్ల కాలం నుంచి ఉన్న న్యాయసూత్రం. బూకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం గేటు మీద నాజీలు దాన్నే పెట్టించారు, అదీ లోపలున్న ఖైదీలు చదివేలా. 1998లో నోకియా, రంగురంగుల ఫోన్ కవర్లకు ఇదే స్లోగన్ పెట్టి వెనక్కి తీసుకుంది. 2009లో చీబో, ఎస్సో కలిసి పెట్రోల్ బంకుల్లో కాఫీ అమ్మడానికి కాస్త మార్చి వాడాయి. మళ్లీ గొడవ, మళ్లీ పోస్టర్లు తీసేయడం.

ఇదంతా వింటున్నప్పుడు నాకు జర్మనీ దూరంగా అనిపించలేదు. ఆ వారమే మా ఉర్దూ ఫైల్లో ఒక మాట కనిపించింది. పండగలకు పాతబట్టలు సేకరించే ఫీచర్, ‘వాలంటీర్‌గా చేరండి’ అని బటన్. మెషిన్ ఇచ్చిన మాట ‘రజాకార్’.

డిక్షనరీ మళ్లీ కరెక్టే. పాకిస్తాన్‌లో రక్తదాన శిబిరంలో నీళ్లు అందించే కుర్రాడూ రజాకారే. బంగ్లాదేశ్‌లో 1971 తర్వాత అది ద్రోహి అనే తిట్టు. 2024 జులైలో అక్కడి విద్యార్థుల ఆందోళన ఒక్కసారిగా భగ్గుమన్నదీ ఆ మాట దగ్గరే. మన దగ్గర అది ఖాసిం రజ్వీ దళం పేరు, బైరాన్‌పల్లి పేరు. మా నానమ్మది జనగామ వైపు ఊరు. 1948లో ఆమెకు ఎనిమిదేళ్లు. టీవీలో ఆ మాట వినిపిస్తే లేచి లోపలికి వెళ్లిపోయేది. మా పక్కింటి ఖాలా వాళ్లింట్లోనూ ఆ మాట ఎవరూ ఎత్తరు, కారణం వేరు. ఆ సెప్టెంబర్‌లో పోలీసు చర్య అయ్యాక, దళంతో ఏ సంబంధం లేనివాళ్ల మీద కూడా ఆ ముద్ర వేసి చంపారు. రాష్ట్రం మొత్తమ్మీద 27 వేల నుంచి 40 వేల మంది పోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా. వాళ్లలో ఖాలా పెద్దనాన్న ఒకరు. ఒక గోడకు అటూ ఇటూ రెండిళ్లు. ఆ మాట రెండిళ్లలోనూ వినపడదు.

హిందీ ఫైల్ తెరిస్తే అక్కడ ‘స్వయంసేవక్’. అదీ కరెక్టే. కానీ వినగానే చాలామందికి ఆరెస్సెస్సే గుర్తొస్తుంది. పాత బట్టలు అడగడానికి ఇంత రాజకీయమా అని తలపట్టుకున్నా. పోనీ తెలుగులో ‘వాలంటీర్’ అని ఉంచేద్దామంటే గుంటూరు కొలీగ్ నవ్వాడు: ‘‘బ్రో, మా ఊళ్లో వాలంటీర్ అంటే అప్పట్లో ఒకటో తారీఖు పింఛన్ తెచ్చిన అబ్బాయి. జగన్ పార్టీ ఫీచర్ అనుకుంటారు.’’

ఉర్దూ రివ్యూ చేసిన లక్నో ఆయన అప్పటికే ఓకే కొట్టేశాడు. మా దగ్గర ఇది మామూలు మాటేనండీ అన్నాడు. అబద్ధం కాదు. బెంగళూరు మేనేజర్‌కి గురువారం రిలీజ్ తప్ప ఇంకేం పట్టలేదు. ఒక్క ఊరి కోసం మారుస్తామా అన్నాడు. ఆ ఫీచర్ మొదలయ్యేదే హైదరాబాద్‌లో సార్ అన్నా.

ఆ రాత్రి ఖాలాని అడిగా, బట్టలు పోగుచేయడానికి పిలవాలంటే మీరైతే ఏం రాస్తారని. ఆమె ఎక్కువ ఆలోచించలేదు. ‘‘పేరు దేనికి బేటా? హమ్ భీ ఆతే బోల్‌కే లిఖ్ దో.’’

దక్కనీ యాప్‌లో బాగోదని మేనేజర్ ఒప్పుకోలేదు. చివరికి బటన్ మీద నామవాచకమే లేకుండా చేశాం. ఉర్దూ, హిందీ రెండింట్లోనూ ‘మదద్ కరేఁ’, తెలుగులో ‘నేనూ సాయం చేస్తా’. జర్మన్ బ్యానర్‌ని రివ్యూ ఆవిడే మళ్లీ రాసిచ్చింది, ‘మీ కోసం ఇంకొంచెం ఎక్కువ’ అనే అర్థంలో. నాకైతే ఇంగ్లిష్ కన్నా అదే నచ్చింది.

ఇప్పుడు మా ఫైల్లో కొత్తగా ఒక కాలమ్ ఉంది: ఏ మాట, ఏ ఊళ్లో వద్దు, ఎందుకు వద్దు. మెషిన్ దాన్ని చదవదు, మనుషుల కోసమే పెట్టా. వచ్చే నెల మరాఠీ మొదలవుతోంది. నాందేడ్, ఔరంగాబాద్ కూడా అప్పట్లో నిజాం రాజ్యమే కదా, అక్కడివాళ్లను ఒకరిద్దరిని వెతుకుతున్నా.