ఆరు టీంలు సరే, పెనాల్టీలు ఎందుకు?

క్యాంపుల మలయాళీ తమ్ముళ్లతోటి మళ్లీ లొల్లి. ఐఎస్ఎల్ ప్లేఆఫ్‌కు ఇదివరకు నాలుగు టీంలే. 2022-23 సీజన్ల ఆరు చేసిండ్రు. మొదటి రెండు నేరుగా సెమీస్‌కు, మూడు నుంచి ఆరు దాంక ఉన్నోళ్లు ఒక్క నాకౌట్ మ్యాచ్ గెలిచి రావాల్సి ఉండె. ఆరో స్థానం దాంక ఆశ ఉంటదని వాళ్ల మాట. నిజమే.

కానీ ఏమైంది? పట్టికల మొదటి ముంబై, రెండోది మన హైదరాబాద్, రెండూ సెమీస్‌లనే పెనాల్టీలల్ల పోయినయి. మన రెండు మ్యాచ్‌లల్ల ఒక్క గోల్ పడలే. 20 మ్యాచ్‌లల్ల 42 పాయింట్లు తెచ్చినోళ్లను 34 తెచ్చిన మోహన్ బగాన్ ఇంటికి పంపింది. ఏడాదంత ఎండల డ్యూటీ చేసినోనికి ఆఖరి రోజు చీటీ తీసి నీది పోయింది అంటె ఊకుంటమా?

(2022ల మనం కేరళ మీద కప్పు గెలిచింది కూడ పెనాల్టీలతోనే. అది వాళ్లు రోజూ యాది చేస్తరు.)

నాలుగుకే తగ్గించుమని నేను అంటలేను. సెమీస్ రెండు మ్యాచ్‌లు కలిపి సమానమైతె పట్టికల పైనున్నోళ్లే ఫైనల్‌కు పోవాలె. మెక్సికో లీగ్‌ల ఈ పద్ధతి ఉన్నదే. "అట్లయితె పైనోళ్లు గోల్ కొట్టకుండ కూసుంటరు" అని మా రూం తమ్ముడు. కూసోనీ, కిందోళ్లే వచ్చి కొట్టాలె. మీరేమంటరో రాయుండ్రి, రేపు శుక్రవారం సెలవే కదా.