ఇటుకలు చెప్పిన చరిత్ర

రాజుల పేర్లు తెలియకుండా, యుద్ధగాథలు వినకుండా ఒక మహానాగరికతను అర్థం చేసుకోవడం సాధ్యమేనా? సాధ్యమేనని సింధు నాగరికత నిరూపిస్తున్నది. దాని లిపిని సర్వసమ్మతంగా చదవగలిగినవారు నేటికీ లేరు. అక్కడ చరిత్రకు సాక్షులు ఇటుకలు, తూనికరాళ్లు, మురుగుకాలువలు. ఆ మూగసాక్షులు చెప్పే కథ ఏ శాసనానికీ తీసిపోదు.

ఆ ఇటుకల విలువ చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 19వ శతాబ్ది మధ్యభాగంలో లాహోరు, ముల్తాను నగరాల నడుమ రైలుమార్గం వేసినప్పుడు గుత్తేదారులు హరప్పా దిబ్బను తవ్వి, ఇటుకలను తరలించి పట్టాల కింద పరిచారు. నాలుగువేల ఏండ్లకు పైబడిన నగరం మీదుగా రైళ్లు పరుగెత్తాయి. 1921లో దయారాం సాహ్ని హరప్పాలో తవ్వకాలు ప్రారంభించాడు. మరుసటి ఏడు రాఖాల్‌దాస్ బెనర్జీ మొహెంజొదారోలో పూనుకొన్నాడు. 1924లో సర్ జాన్ మార్షల్ ఆ నాగరికత వార్తను లోకానికి ప్రకటించాడు.

క్రీ.పూ. 2600 నుండి 1900 వరకు ఈ నగరాలు ఉచ్చదశలో ఉన్నాయి. ఇటుక మందం ఒక పాలయితే వెడల్పు రెండు పాళ్లు, పొడవు నాలుగు పాళ్లు. రావి ఒడ్డున ఉన్న హరప్పాలోనూ, వందల మైళ్ల దూరాన సింధు తీరంలోని మొహెంజొదారోలోనూ ఇదే కొలత. చెకుముకి రాతితో మలచిన తూనికరాళ్లు 1, 2, 4, 8, 16 అనే వరుసలో రెట్టింపవుతూ పోతాయి. ఊరు మారినా కొలత మారలేదు. మొహెంజొదారోలో అనేక గృహాలకు సొంత బావి, స్నానపు గది ఉండేవి. వాడిన నీరు ఇటుకలు కప్పిన వీధికాలువలోకి చేరేది. సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు గల మహాస్నానవాటికలో నీరు ఇంకిపోకుండా తారు పూత వేశారు. ఇంతటి నగరంలో రాజప్రాసాదమని నిస్సంశయంగా చెప్పదగిన కట్టడం మాత్రం బయటపడలేదు. ఆ ప్రజల ప్రతిభ సింహాసనానికి కాక, సామాన్యుని సౌకర్యానికి వినియోగపడిందనిపిస్తుంది.

అటువంటి నాగరికత ఎట్లు అంతరించింది? దండయాత్రయే కారణమని 1940వ దశకంలో మార్టిమర్ వీలర్ భావించాడు. వీధుల్లో దొరికిన అస్థిపంజరాలు ఒకే సంఘటనకు చెందినవి కావని తరువాతి పరిశీలనలో తేలడంతో ఆ వాదం వీగిపోయింది. వర్షాలు క్రమంగా తగ్గడం, ఘగ్గర్-హక్రా ప్రవాహం క్షీణించడం, మెసొపొటేమియాతో వర్తకం సన్నగిల్లడం వంటి పెక్కు కారణాలను నేటి పండితులు చూపుతున్నారు.

పతనం ఒక్కనాటిది కాదు. మొహెంజొదారో పైపొరలను చూస్తే అది తెలుస్తుంది. విశాలమైన ఇండ్లు ఇరుకు గదులుగా చీలిపోయాయి. ఒకప్పుడు ఊరి వెలుపల ఉండవలసిన ఆవాలు నివాసాల నడుమకు వచ్చాయి. కాలువలను పట్టించుకొనే నాథుడు లేకపోయాడు. చివరకు ముద్రికలు, లిపి, తూనికరాళ్లు వాడుకలోంచి తప్పుకొన్నాయి. శత్రువు కోటగుమ్మం తట్టకముందే, అందరిదీ అనదగిన దానిని కాపాడే శ్రద్ధ సడలిపోయింది.

నగరాలు నశించినా మనుషులు నశించలేదు. వారిలో పెక్కుమంది తూర్పునకు, దక్షిణానికి తరలి పల్లెల్లో స్థిరపడ్డారు. మహారాష్ట్రలో ప్రవరానది ఒడ్డున ఉన్న దైమాబాదులో మలి హరప్పా సంస్కృతి ఆనవాళ్లు లభించాయి. ఆ ప్రవర, తెలుగునేలను తడిపే గోదావరికి ఉపనది. సింధు ప్రజలు నేసిన పత్తి, నడిపిన ఎడ్లబండి, ధరించిన గాజులు నేటికీ ఈ దేశపు నిత్యజీవితంలో కలిసి ఉన్నాయి.

ఒక నాగరికత ఔన్నత్యాన్ని దాని గోపురాల ఎత్తుతో కొలవడం లోకరీతి. సింధు నగరాలు మరొక కొలబద్దను చూపుతున్నాయి. కంటికి కనిపించని వీధికాలువను ఎంత శ్రద్ధగా కట్టుకొన్నారో, ఎంతకాలం శుభ్రంగా ఉంచుకొన్నారో చూస్తే చాలు, ఆ జాతి ఎదుగుదలా తరుగుదలా రెండూ తెలుస్తాయి.