ఒక్కపొద్దు

మన పల్లెల్లో ఉపవాసం ఎరుగని ఇల్లు అరుదు. మహాశివరాత్రినాడు జాగరణతో కూడిన ఉపవాసం, రంజాను మాసంలో తెల్లవారుజాము నుండి సూర్యాస్తమయం వరకు మంచినీళ్లైనా ముట్టని రోజా, ఈస్టరుకు ముందు క్రైస్తవులు పాటించే నలభై దినాల నియమం మనకు చిరపరిచితాలు. 2025వ సంవత్సరంలో ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఫిబ్రవరి 26న శివరాత్రి, మార్చి 2న రంజాను ఉపవాసాల ఆరంభం, మార్చి 5న విభూది బుధవారం. ఇంటర్మీడియట్ వార్షిక పరీక్షలు మొదలైనదీ ఆ బుధవారంనాడే.

మా ఊరు వికారాబాదు జిల్లాలోని దోమ. మా వైపు ఉపవాసాన్ని ‘ఒక్కపొద్దు’ అంటారు. ఒక్కపూట మాత్రమే భుజించి తక్కిన పొద్దంతా నిగ్రహంతో గడపడం ఆ మాటలోని అర్థం. మా నాయనమ్మ శ్రావణ సోమవారాల్లో ఒక్కపొద్దు ఉండేది. సాయంకాలం దీపం వెలిగించిన తరువాత కూడా వెంటనే విస్తరి ముందు కూర్చునేది కాదు. పొలం నుండి వచ్చిన జీతగానికి ముందుగా వడ్డించేది. “ఆకలంటే ఏందో తెలిసిన పూటనే ఆకలైనోనికి ముందుగాల పెట్టాలె” అనేది. ఉపవాసాన్ని గురించి నేను విన్న మొదటి వ్యాఖ్యానం అదే.

తెలుగు ఉపాధ్యాయునిగా మా ప్రాంతంలోని ఒక కథోలిక పాఠశాలలో చేరిన తరువాత ఆ మాటకు మరొక రూపం చూశాను. ఈస్టరుకు ముందు వచ్చే ఈ కాలాన్ని తెలుగు కథోలికులు ‘తపస్సు కాలం’ అంటారు. విభూది బుధవారం నుండి ఈస్టరు ముందటి శనివారం వరకు, మధ్యనున్న ఆదివారాలను మినహాయించి లెక్కిస్తే సరిగా నలభై దినాలు. వెనుకటి సంవత్సరం మట్టల ఆదివారంనాడు ఆశీర్వదించిన కొమ్మలను కాల్చి, ఆ బూడిదను విశ్వాసుల నుదుట పెడతారు. పద్ధెనిమిది నిండినవారు మొదలుకొని యాభై తొమ్మిది నిండేవరకు విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం నాడు ఒక్కపూటే కడుపునిండా భోజనం చేయాలన్నది వారి నియమం. ఆ నియమం విన్నప్పుడు నాకు నాయనమ్మ గుర్తుకు వచ్చింది. ఇది మా ఒక్కపొద్దే కదా అనిపించింది.

ఆ పాఠశాలలో క్రైస్తవ విద్యార్థులకంటే హిందూ, ముస్లిం విద్యార్థులే అధికం. అల్పసంఖ్యాకులు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించుకొని నిర్వహించుకొనే హక్కును మన రాజ్యాంగం 30వ అధికరణం ద్వారా ప్రసాదించింది. అదే రాజ్యాంగం 28వ అధికరణంలో, ప్రభుత్వ గుర్తింపు పొందిన విద్యాసంస్థ ఏదైనా సరే, సమ్మతి లేనిదే ఎవరినీ మతబోధకు గాని, ఆరాధనకు గాని హాజరుకమ్మని నిర్బంధించరాదని చెప్పింది. ఈ రెండు అధికరణాల మధ్యనున్న బాట గౌరవం అనే బాట. విభూది బుధవారంనాడు ప్రార్థనాలయానికి వెళ్లదలచినవారు వెళ్లారు. తక్కినవారు తరగతిలో చదువుకున్నారు. నుదుట బూడిద ఉన్నవారిని గాని, లేనివారిని గాని ఎవరూ ప్రశ్నించలేదు. రోజా ఉన్న పిల్లలకు ఆటల పీరియడు నుండి మినహాయింపు లభించింది. వారి కళ్లెదుట తినడం ఇష్టంలేక, తొమ్మిదవ తరగతి పిల్లలు తమ టిఫిను డబ్బాలను తీసుకొని వరండాలోకి వెళ్లడం నేను చూశాను. ఆ పని చేయుమని వారికి ఎవరూ చెప్పలేదు.

ప్రార్థన, ఉపవాసం, దానం తపస్సు కాలానికి మూడు స్తంభాలు. ఈ మూడింటినీ నలుగురి మెప్పుకోసం గాక గుప్తంగా ఆచరించాలన్న బోధ మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో ఉన్నది. ఆ బోధను అనుసరించి మా పాఠశాలలో మూతగల ఒక పెద్ద డబ్బాను మూలగదిలో ఉంచారు. ఇంట్లో వంటకు ముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యాన్నో, కందిపప్పునో తెచ్చి అందులో పోయవచ్చు. ఎవరు ఎంత పోశారో తెలియదు. అసలు పోశారో లేదో తెలియదు. పేదయింటి బిడ్డ తలవంచుకోవలసిన అవసరం రాకుండా చేయడమే ఆ మూతలోని మర్యాద. ఇచ్చేవాని చేయి పైనుండి, పుచ్చుకొనేవాని చేయి కింద ఉంటే అది దానమే కావచ్చు గాని గౌరవం కాదు.

అయితే గౌరవానికి నిజమైన పరీక్ష పవిత్ర గురువారంనాడు ఎదురైంది. క్రీస్తు కడరాత్రి భోజన సమయంలో తన శిష్యుల పాదాలు కడిగినాడని యోహాను సువార్త చెబుతుంది. దాని జ్ఞాపకార్థం గురువులు ఆనాడు పన్నెండుగురి పాదాలు కడిగే ఆచారం ఉన్నది. చాలాకాలం పురుషుల పాదాలను మాత్రమే కడిగేవారు. 2013లో పోపు ఫ్రాన్సిస్ రోము నగరంలోని బాలనేరస్థుల నిర్బంధ గృహానికి వెళ్లి, అక్కడి పన్నెండుగురి పాదాలు కడిగారు. వారిలో బాలికలూ ఉన్నారు, ముస్లిములూ ఉన్నారు. 2016 జనవరిలో స్త్రీలను కూడా చేర్చుకోవచ్చునని నియమాన్నే మార్చారు.

మన సంస్కృతిలో పాదాలకు ఒక దిశ ఉన్నది. చిన్నవారు పెద్దల పాదాలను తాకుతారు. శిష్యుడు గురువు పాదాలను తాకుతాడు. పాదక్షాళనం ఆ దిశను తలకిందులు చేస్తుంది. 2025 ఏప్రిల్ 17న, ఒంటిపూట బడులు నడుస్తున్న ఆ రోజుల్లో, తాండూరు నాపరాళ్లు పరచిన మా ప్రార్థనాశాలలో ప్రధానోపాధ్యాయులైన ఫాదరు మోకాళ్లూనారు. కుర్చీల్లో కూర్చున్న పన్నెండుగురిలో విద్యార్థులు, బస్సు డ్రైవరు, కావలివాడు, గదులు ఊడ్చే ఆయమ్మ ఉన్నారు. తన వంతు రాగానే ఆయమ్మ పాదాలు వెనక్కు లాక్కుంది. “వద్దు ఫాదరూ, మీరు ముట్టుకుంటే మాకు పాపం” అన్నది. ఆయన పళ్లెంలో నీళ్లు ఉంచుకొని మౌనంగా నిరీక్షించారు. కొంతసేపటికి ఆమె కళ్లు మూసుకొని పాదాలు ముందుకు చాపింది.

కార్యక్రమం ముగిసిన తరువాత ఉపాధ్యాయులం నలుగురం ఆమెను అభినందించబోయాము. ఆమె చీరకొంగుతో కాళ్లు తుడుచుకుంటూ, “కాళ్లు కడుగుడు ఒక్కనాటి ముచ్చట సారూ. రేపు నా గిలాసల నీళ్లు తాగుతరా?” అన్నది. ఆ మాటలో కోపం లేదు, ఎగతాళి లేదు. ఉపాధ్యాయుల గది కిటికీలో, గుర్తుకోసం దారం చుట్టిన స్టీలు గ్లాసు ఒకటి ఉండేది. ఎప్పటినుండి ఉన్నదో ఎవరికీ తెలియదు. అది ఆయమ్మ గ్లాసని మాత్రం అందరికీ తెలుసు.

అస్పృశ్యతను రాజ్యాంగం 17వ అధికరణం నిషేధించింది. కాని చట్టం రద్దుచేసినది అలవాటులో దాగి ఉంటుంది. ప్రార్థనాలయాలు కూడా దానికి అతీతం కాలేదు. 2016 డిసెంబరులో దళిత సాధికారత విధానాన్ని ప్రకటించిన సందర్భంలో భారత కథోలిక బిషప్పుల సమాఖ్య, తమ సంఘంలోనూ కులవివక్ష ఉన్నదని అంగీకరించింది. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. తెలుగువారిలోనూ, దళితులలోనూ ఆ పదవిని అందుకొన్న మొదటి వ్యక్తి ఆయనే. అంత ఎత్తున తలుపు తెరుచుకొన్న తరువాత కూడా ఒక చిన్న గది కిటికీలో ఒక గ్లాసు వేరుగా నిలిచి ఉండగలదు.

ఈస్టరు మరునాడు, సోమవారం ఉదయం, మాలో అందరికంటే పెద్దవారైన లెక్కల టీచరమ్మ కిటికీ దగ్గరకు వెళ్లి ఆ గ్లాసుకు చుట్టిన దారం విప్పారు. దానిని తక్కిన గ్లాసులతో కలిపి కడిగి, పళ్లెంలో బోర్లించారు. ఏ గ్లాసు ఎవరిదో చెప్పడం ఆ తరువాత ఎవరి తరమూ కాలేదు. పోపు ఫ్రాన్సిస్ మరణించారన్న వార్త ఆ మధ్యాహ్నమే తెలిసింది.

ఆయమ్మ వెంటనే ఆ గ్లాసులను ముట్టలేదు. సెలవులు వచ్చేవరకు ఇంటినుండి తెచ్చుకొన్న సీసాలోని నీళ్లే తాగింది. తరతరాల జంకు నాలుగు రోజుల్లో పోయేది కాదు. జూన్‌లో బడి తెరిచిన తరువాత ఒకనాడు, చీపురు గోడకు ఆనించి, పళ్లెంలోని ఒక గ్లాసు తీసి కుండలోని నీళ్లు ముంచుకొన్నది. గదిలో ఉన్నవారెవరూ తలెత్తి చూడలేదు. చూడకపోవడమే అప్పుడు మేము ఆమెకు చూపగలిగిన మర్యాద.

ఉపవాస దినాలు ఏ మతంలోనైనా ముగిసిపోతాయి. పండుగ వస్తుంది, వంటిల్లు మళ్లీ ఘుమఘుమలాడుతుంది. నిగ్రహించుకొన్న ఆకలి ఎదుటివాని విలువను మనకు తెలిపిందా, లేదా అన్నది ఆ మరునాటి నడవడిలోనే బయటపడుతుంది. విద్యార్థులారా! మీ ఇంటిలో, మీ కళాశాలలో, మీ ఊరి హోటలులో ఎవరికోసమైనా ఒక గ్లాసు వేరుగా ఉన్నదేమో ఒకసారి పరికించి చూడండి. ఉంటే, ఆ దారాన్ని విప్పడానికి ఏ పుణ్యకాలం కోసమూ ఎదురుచూడవలసిన పనిలేదు.