పాళెం కబుర్లు – 23: చక్రాన్ని కొయ్యొద్దు



పోయినసారి రిజర్వేషన్ల మీద రాస్తానని మాటిచ్చాను. ఈ వారం సైకిల్ గురించి రాస్తున్నా. చివరిదాకా చదవండి, మాట తప్పానో లేదో మీరే చెప్పండి.

మా పాళెం అల్లూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఉంది. ఒక పక్క వరిమళ్ళు, ఇంకో పక్క రొయ్యల గుంటలు. మిట్ట అనేదే కనపడదు. "ఇంత చదునులో గేర్ల సైకిలెందుకయ్యా?" అని నవ్వినోళ్ళున్నారు. వాళ్ళెవరూ సాయంత్రం నాలుగ్గంటలకి ఇసకపల్లి వైపు సైకిల్ తొక్కినోళ్ళు కాదు. మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి లేస్తుంది. మాకు ఆ గాలే మిట్ట.

మా అక్క కూతురు అల్లూరులో ఇంటర్ చదువుతోంది. పొద్దున పోయేటప్పుడు ఇబ్బంది లేదు. తిరిగొచ్చేటప్పుడు గాలి మొహానికి కొడుతుంది. మామూలు సైకిల్ దిగి తోసుకుంటూ ఇల్లు చేరేసరికి చీకటి పడేది. "ఇంక చదువు చాల్లే, రొయ్యల కంపెనీకి పంపిద్దాం" అన్నాడు మా బావ. ఆయన్ని తప్పు పట్టలేను. కంపెనీ బస్సు తెల్లారే పాళెం ముందుకొచ్చి ఆడపిల్లల్ని ఎక్కించుకు పోతుంది. కాలేజీ టైముకి ఏ బస్సూ రాదు. రొయ్యల తలలు తీసే చేతుల కోసం వచ్చే బస్సు, పుస్తకం పట్టిన చేతుల కోసం రాదు.

నెల్లూరులో పాతసామాన్ల అంగట్లో ఒక మౌంటెన్ బైక్ ఫ్రేము దొరికింది. ఇనుపది, వెనక చక్రం లేదు. ఇంకో మూల వేరే సైకిల్ చక్రం దొరికింది. ఒక కొత్త డీరైలర్ కొన్నాను. డీరైలర్ అంటే చైనును ఒక పళ్ళచక్రం మీద నుంచి ఇంకోదాని మీదకి తోసే పరికరం. మూడూ మూడు దిక్కుల నుంచి వచ్చినవి. ఫ్రేములో ఇరుసు కూర్చునే సందు 130 మిల్లీమీటర్లు. హబ్బు వెడల్పు 135. దాని మీద ఎనిమిది పళ్ళచక్రాలు పడతాయి, నా దగ్గర ఉన్నది ఏడు చక్రాల క్యాసెట్. డీరైలర్ తగిలించే కొక్కెం ఫ్రేముకి విరిగిపోయి ఉంది.

టౌన్లో ఒక షాపుకి తీసుకుపోయాను. "సెట్ కాదు. ఇరుసు కోసి, వాషర్లు తీసేస్తే పట్టొచ్చు. ఒకటి రెండు గేర్లు పోతాయి. అయినా మీవాళ్ళకి గేర్లెందుకులే" అన్నాడు. ఆ చివరి మాట నాకు కొత్త కాదు.

మా నాయన కూలిపనికి పోయే ఊళ్ళో, పెద్దవీధి మొదట్లోనే సైకిల్ దిగేవాడు. వీధి దాటేదాకా నడిపించుకుని పోవాలి. నేను వెనక క్యారేజీ మీద ఉంటే నన్నూ దించేవాడు. ఎందుకు దిగాలని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మా పక్కనే అలగానిపాడు. పుచ్చలపల్లి సుందరయ్య గారి ఊరు. ఆయన పార్లమెంటుకి సైకిల్ మీద పోయాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోవాలి కూడా. ఆయన పేరు చివర రెడ్డి తీసేసిన మనిషి. కానీ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఉన్నోడు సైకిలెక్కితే నిరాడంబరత, మా నాయన సైకిలెక్కితే పొగరు. 1983లో కాన్షీరామ్ డీఎస్‌ఫోర్ కార్యకర్తల్ని వెంటేసుకుని ఢిల్లీ నుంచి సైకిల్ యాత్ర ఎందుకు తీశాడో నాకు పుస్తకాల కంటే ముందు మా నాయన వల్లే అర్థమైంది.

షాపతని మాట వినలేదు. మా ఊరి సాయిబు తాత దగ్గరికి పోయాను. ఆయన ఫ్రేముని వేలితో తట్టి చూసి, "ఇనుమే. సాగుద్ది. అల్యూమినియమైతే పగిలేది. చక్రాన్ని ఎందుకు కోస్తావు నాయనా, ఫ్రేముని వెడల్పు చెయ్" అన్నాడు.

పొడుగు మరకడ్డీ, నాలుగు నట్లు. లోపలి నుంచి నట్లు తిప్పుతూ సందుని తెరిచాం. ఇనుము వెనక్కి లాగుతుంది కాబట్టి కావలసిన దానికంటే కొంచెం ఎక్కువే తెరవాలి. రెండు పక్కలా సమానంగా రెండున్నర మిల్లీమీటర్లు జరగాలి, లేకపోతే చక్రం ఒక పక్కకి పోతుంది. తాత ఒక దారం తీసుకుని ఒక గాడి నుంచి ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి రెండో గాడికి కట్టాడు. సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరం రెండు పక్కలా కొలిచాడు. క్యాసెట్ వెనక నాలుగున్నర మిల్లీమీటర్ల రింగు వేస్తే ఏడు చక్రాలూ కూర్చున్నాయి. ఇరుసు గాడిలో బిగించే కొక్కెం ప్లేటుకి డీరైలర్ తగిలించాం.

తర్వాత తప్పు నాది. డీరైలర్ మీద హెచ్, ఎల్ అని రెండు చిన్న స్క్రూలుంటాయి. చైను బయటికి ఎంత పోవాలో హెచ్, పుల్లల వైపు ఎంత పోవాలో ఎల్ ఆపుతాయి. ఎల్ సరిచెయ్యకుండానే తొందరపడి పిల్లకిచ్చాను. గాలికి ఎదురుగా పెద్ద చక్రానికి వేసింది. చైను పుల్లల్లో పడింది, డీరైలర్ దాని వెంటే పోయింది. మోకాలు చీరుకుని వచ్చి, "మామా, గేరు మార్చడం నాకే రాలేదేమో" అంది.

ఆ మాటకి నాకు నిద్ర పట్టలేదు. తప్పు బిగించినోడిది, సిగ్గు తొక్కినోళ్ళది. యూనివర్సిటీల నుంచి మధ్యలో తిరిగొచ్చిన మన పిల్లలు ఎంతమంది ఇదే మాట అన్నారు!

వంగింది ప్లేటే, ఫ్రేము కాదు. ప్లేటు మార్చాం. ఈసారి ఎల్ స్క్రూ తనతోనే తిప్పించాను. ఇప్పుడు చీకటి పడకముందే ఇంటికొస్తోంది. బావ కంపెనీ మాట ఎత్తడం లేదు.

దీన్ని జుగాడ్ అని మెచ్చుకోకండి. ఆ పిల్లకి రావలసింది బస్సు. దానికోసం అర్జీ రాశాం, మళ్ళీ రాస్తాం. నేను చెప్పేది ఒక్కటే. "మీరు ఇక్కడ సెట్ కారు, కొంచెం తగ్గండి" అని ఎవరన్నా అంటే, ముందు ఆ ఫ్రేము వెడల్పు కొలవండి. చక్రాన్ని కోస్తే గేర్లు పోతాయి.

రిజర్వేషన్ల మీద రాస్తానన్నది రాసేశాను.

జై భీమ్.