ఒడ్డు ఎవరిది?

షికాగోలో ఉండే తెలుగువాళ్ళందరి దగ్గరా ఒక స్టాండర్డు టూరు ఉంటుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలొచ్చినా, డల్లాస్ నుంచి తోడల్లుడొచ్చినా అదే టూరు. సియర్స్ టవరెక్కడం (2009లో విల్లిస్ టవరని పేరు మార్చారు, మనం మాత్రం మార్చలేదు), బీన్ దగ్గర ఫోటో, నేవీ పియర్‌లో ఐస్‌క్రీము, సాయంత్రం అరోరా బాలాజీ గుళ్ళో పులిహోర. ఒక్కరోజులో షికాగో అయిపోయింది :)

అయితే ఈ ఊరికి టూరిస్టులు నీళ్ళ మీద నుంచి కూడా వస్తారు. నిరుడు సెప్టెంబరులో డూసాబుల్ హార్బరు పక్కన నడుస్తుంటే అలాంటి జంట ఒకటి తగిలింది. బోటు ముందు చిన్న తెల్లజెండా కట్టి ఉంది. అదేం జెండా అని అడిగాను. అమెరికాలో ముసలాళ్ళని పలకరిస్తే ఏమవుతుందో తెలుసు కదా, గంటసేపు కదల్లేదు.

వాళ్ళు "గ్రేట్ లూప్" తిరుగుతున్నార్ట. అంటే అమెరికా తూర్పు భాగానికి పడవలో ప్రదక్షిణ అన్నమాట. ఫ్లోరిడాలో బయల్దేరి, అట్లాంటిక్ తీరం వెంట పైకొచ్చి, హడ్సన్ నదిలోంచి ఈరీ కాలువ పట్టుకుని గ్రేట్ లేక్స్‌లోకి వస్తారు. షికాగో దగ్గర కాలువలో దిగి, ఇల్లినాయ్ నది, మిసిసిపీ, ఇంకా కొన్ని నదులు దాటుకుంటూ మళ్ళీ ఫ్లోరిడా చేరతారు. దాదాపు 6000 మైళ్ళు, చాలామందికి ఏడాది పడుతుంది. మొదలెట్టిన చోటికి తిరిగి చేరితే తెల్లజెండా తీసేసి బంగారు రంగు జెండా కట్టుకుంటారు. మన కోడ్‌లో లూపుల్లాగా కాదు, దీనికి ఎగ్జిట్ కండిషన్ ఉంది!

ఆయన ముప్ఫయ్యేళ్ళు కరెంటు లైన్‌మన్‌గా చేశాడు. ఆవిడ స్కూలు టీచరు. ఇల్లు అమ్మి ఈ పాత బోటు కొనుక్కున్నారు. మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఏడాదంతా ఇద్దరే ఇంత చిన్న పడవలో ఉంటే పోట్లాడుకోరా?" అని. "రోజూ పోట్లాడుకుంటాం. కానీ అలిగి వెళ్ళిపోడానికి చోటు లేదు" అందావిడ.

షికాగోలో వాళ్ళ మకాం మూడు రోజులు. ఏం చూశారని అడిగితే నా టూరు లిస్టులో ఉన్నవాటిలో ఒక్కటీ చెప్పలేదు. ఆయనకి సరస్సుకీ నదికీ మధ్య ఉండే లాకు నచ్చింది. అక్కడ సరస్సు మట్టం నది కంటే సాధారణంగా రెండు నుంచి ఐదడుగులు ఎత్తులో ఉంటుంది. ఒకప్పుడు షికాగో నది సరస్సులోకే పారేది. ఊళ్ళో మురుగంతా మోసుకెళ్ళి తాగేనీళ్ళలో కలిపేది. అందుకని 1900లో కాలువ తవ్వి నది పారే దిక్కునే మార్చేశారు. ఏటికి ఎదురీదడం విన్నాం గానీ ఏటినే వెనక్కి తిప్పడం ఏంటండీ! ఇప్పుడీ జంట అదే నీళ్ళ వాలున దక్షిణానికి పోతారు. ఆయన దిగులల్లా దారిలో ఉన్న ఒక రైలు వంతెన గురించే. దాని కింద ఎత్తు 19 అడుగుల పైచిలుకే, వేరే దారి లేదు. మాస్టు మడిచి దూరాలి.

ఆవిడ మాత్రం చూడ్డానికి ఎక్కడికీ పోలేదట. రెండు రోజులు గ్రాంట్ పార్కులో, గట్టు మీద కూర్చుంది. "ఇన్ని నెల్లుగా ఒడ్లు చూస్తూనే ఉన్నాం. సగం చోట్ల ప్రైవేటు ప్రాపర్టీ, రావద్దు అని బోర్డులే. ఇంత పెద్ద ఊళ్ళో ఎవరూ లేవమనకుండా ఇంతసేపు నీళ్ళ పక్కన కూర్చోవడం ఇదే" అంది.

ఆ మాట వెనక పెద్ద కథే ఉంది. 1836లో ఈ ఊరి స్థలాలు అమ్మినప్పుడు మ్యాపులో ఈ ముక్క మీద, ఇది జనానిది, ఇక్కడ ఎప్పటికీ కట్టడాలు రాకూడదు అన్న అర్థం వచ్చేలా రాసిపెట్టారు. తర్వాత షరా మామూలే. చెత్త పోశారు, షెడ్లు వేశారు, ఆపైన బిల్డింగులు కడతామన్నారు. పోస్టులో సరుకులు అమ్మి కోటీశ్వరుడైన మాంట్‌గోమరీ వార్డ్ ఆఫీసు ఎదురుగా ఉండేది. ఆయన 1890లో కోర్టుకెక్కి, ఇరవయ్యేళ్ళు కేసులు నడిపాడు. ఫీల్డ్ మ్యూజియం లాంటి మంచిదాన్ని కూడా అక్కడ కట్టనివ్వలేదు, అది ఇంకాస్త దక్షిణానికి పోయింది. అభివృద్ధి నిరోధకుడని ఊరంతా తిట్టింది. అదే ఊరు ఇప్పుడా పార్కులో పిక్నిక్కులు చేసుకుంటోంది. మొన్న 2014లో కూడా, సినిమాల జార్జ్ లూకాస్ ఇక్కడి ఒడ్డున మ్యూజియం కడతానంటే పార్కుల కోసం పనిచేసే సంస్థ ఒకటి కోర్టుకెళ్ళింది. ఆయన లాస్ ఏంజెలెస్ పోయాడు. ఇవాళ 18 మైళ్ళ లేక్‌ఫ్రంట్ బాటలో ఎవరైనా నడవొచ్చు, టికెట్ లేదు.

తిరిగొస్తుంటే మా ఆవిడ "మనం ఇలా ఎప్పుడు తిరుగుతాం?" అంది. హెచ్‌-1బీ మీద ఉన్నవాడికి ఏడాది సెలవా! ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజులు. గ్రీన్‌కార్డు క్యూ సంగతి చెప్పక్కర్లేదు. ఆ లూపు మనకిప్పట్లో లేదు. కానీ ఆవిడ రెండు రోజులు కూర్చున్న గట్టు ఉంది. దానికి వీసా అక్కర్లేదు, సేవింగ్స్ అక్కర్లేదు. ఎప్పుడో ఎవడో పట్టుబట్టి కూర్చోబట్టి అది మనకీ మిగిలింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ పెద్దాయన నన్నో ప్రశ్న అడిగాడు, "మీ ఊళ్ళో సరస్సుందా?" అని. హుస్సేన్ సాగర్ గురించి చెప్పాను. నడిమధ్యలో బుద్ధుడి విగ్రహం ఉందనీ, 1990లో పడవ మీద తీసుకెళ్తుంటే మునిగి కొందరి ప్రాణాలు పోయాయనీ, 1992లో పైకి తీసి నిలబెట్టారనీ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "ఒడ్డు చుట్టూ నడవొచ్చా?" అన్నాడు. కొంత వరకు అన్నాను. ఊళ్ళో మిగతా చెరువుల గురించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఎందుకంటే అప్పటికి వారం ముందే మా బావమరిది వాట్సాప్‌లో ఒక బ్రోషర్ పంపాడు. "లేక్ వ్యూ" త్రీ బెడ్రూమ్. ఎన్నారైలకి డిస్కౌంటు. బాల్కనీ కింద చెరువు, ఎంత దగ్గరగా అంటే గాలం వేసి చేప పట్టొచ్చు. లేక్ వ్యూలు షికాగోలోనూ ఉన్నాయండీ, ఖరీదు కూడా గట్టిగానే ఉంటుంది. కాకపోతే డౌన్‌టౌన్‌లో ఆ బిల్డింగులకీ నీళ్ళకీ మధ్య రోడ్డు, పార్కు ఉంటాయి. ముందు ఇంకొకడు కట్టలేడు కాబట్టే ఆ వ్యూకి విలువ. మన దగ్గర ఈ ఏడాది లేక్ వ్యూ వచ్చే ఏడాది పక్క టవరు వ్యూ అవుతుంది. లేదా వానాకాలంలో లేకే ఇంట్లోకొస్తుంది. 2024లో హైడ్రా వచ్చి చెరువుల్లో కట్టినవి కూలుస్తుంటే మనవాళ్ళంతా బిల్డర్లనీ లీడర్లనీ తిట్టారు. తిట్టాల్సిందే. కానీ ఆ ఫ్లాట్లు ఎవరి డాలర్లతో అమ్ముడుపోతాయో కూడా మాట్లాడుకోవాలిగా?

వార్డ్‌లాగా ఇరవయ్యేళ్ళు కోర్టుల చుట్టూ తిరగడం మనలాంటివాళ్ళ వల్ల కాదు. కొనేముందు ఒక కాగితం అడగడం అవుతుంది. ఆ చెరువు ఫుల్ ట్యాంక్ లెవెల్ మ్యాపు, దాని మీద ఈ టవరు ఎక్కడుందో, బఫర్ జోన్‌కి ఎంత దూరమో చూపించమన్నాను. అన్ని పర్మిషన్లూ ఉన్నాయి సార్ అంటున్నారు, మ్యాపు మాత్రం ఇంకా రాలేదు. వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వనని బావమరిదికి చెప్పేశాను. మీకూ ఇలాంటి బ్రోషర్లు వస్తూనే ఉంటాయిగా, మీరేం అడుగుతున్నారు?