ఐపీ పెట్టేయ్ మాస్టారూ

మా వైపు అప్పుల్లో మునిగినవాడి గురించి "ఐపీ పెట్టేశాడు" అంటారు. ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అని నాకు నలభై మూడేళ్లు వచ్చేదాకా తెలీదు. రాత్రికి రాత్రి ఊరొదిలి పారిపోవడానికే ఆ పేరు అనుకునేవాణ్ణి.

నేను సవర కుటుంబంలో పుట్టాను. మా ఊరు సీతంపేట కొండల్లో ఉంది. మా తాత విత్తనాలకు తెచ్చిన అప్పు కింద షావుకారు దగ్గర కంబారిగా చేశాడు. ఎంత తెచ్చాడో, ఎంత తీరిందో ఆయనకు తెలీదు. లెక్క షావుకారు పుస్తకంలో ఉండేది. చదువుకున్నాను కదా, నాకు ఆ గతి పట్టదనుకున్నాను. టీచర్ ట్రైనింగ్ చేశాను, ఉద్యోగం వచ్చింది, పాలకొండలో ఇల్లు కట్టాను. తమ్ముడి బండి ప్రమాదంతో విశాఖ ఆసుపత్రిలో డబ్బు నీళ్లలా పోయింది. బ్యాంకు అప్పు చాలక చిట్టీ పాడాను. అదీ చాలక నూటికి మూడు రూపాయల వడ్డీకి ప్రోనోట్లు రాశాను.

ఒకరోజు నాలుగో తరగతికి భాగహారం చెబుతుంటే ప్రోనోటు మనిషి బడి వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. ఏమీ అనలేదు, ఊరికే నిలబడ్డాడు. పిల్లలు అతన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. ఆ రోజే స్టాఫ్ రూములో ఒక మిత్రుడు అన్నాడు: "ఎన్నాళ్లు ఇలా? ఐపీ పెట్టేయ్ మాస్టారూ."

తెలిసినవాళ్లు చెప్పిన ఒక వకీలు దగ్గరికి వెళ్లాను. ఆయన నా కాగితాలు ఒక్కటీ చూడలేదు. "పాతిక వేలు తెండి. ముందు ఇల్లు మీ ఆవిడ పేర రాసేయండి. తర్వాత పిటిషన్ వేద్దాం" అన్నాడు. బయటికొచ్చాక నాకు ధైర్యం రావాల్సింది పోయి భయం వేసింది. తప్పేమిటో తెలీదు గానీ, ఏదో తప్పుందని తెలిసింది.

బడిలో ఏటా నవంబరు 9న న్యాయసేవల దినోత్సవం జరుపుతాం. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం గిరిజనులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారని నల్లబల్ల మీద నేనే రాశాను, పిల్లల చేత నేనే చదివించాను. ఆ మాట నాక్కూడా వర్తిస్తుందని తట్టడానికి ఇన్నేళ్లు పట్టింది. జీతగాణ్ణి, నాకెందుకిస్తారులే అనుకున్నాను. చట్టంలో అలా లేదు. అప్పటికి మాది శ్రీకాకుళం జిల్లాయే. కుల ధ్రువపత్రం పట్టుకుని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి దరఖాస్తు రాసిచ్చాను.

నాకు కేటాయించిన లాయరు మేడమ్ అడిగిన మొదటి ప్రశ్న: "మాస్టారూ, మొత్తం ఎంత?" నేను నీళ్లు నమిలాను. రోజూ పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి, నా అప్పు ఎంతో చెప్పలేకపోయాను. కాగితాలన్నీ పరిచి ఇద్దరం రాశాం. బ్యాంకుకు 4 లక్షల 10 వేలు. చిట్టీకి 3 లక్షల 20 వేలు. ప్రోనోట్లకు 2 లక్షల 50 వేలు. మొత్తం 9 లక్షల 80 వేలు. ప్రోనోట్ల వడ్డీయే నెలకు 7,500.

తర్వాత ఆమె ఐపీ అంటే ఏమిటో చెప్పారు. మామూలు మనిషి దివాలాకు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే ఇంకా నడుస్తోంది. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది గానీ, మనుషులకు సంబంధించిన భాగాన్ని కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్ల వరకే 2019 డిసెంబరులో అమలు చేశారు. పాత చట్టం కింద కోర్టు దివాలాదారుగా ప్రకటిస్తే, మినహాయింపు ఉన్నవి తప్ప మన ఆస్తి కోర్టు చేతికో రిసీవరు చేతికో పోతుంది. అప్పు ఆ రోజే పోదు. కోర్టు పెట్టిన గడువులో డిశ్చార్జికి మళ్లీ అడగాలి, అడగకపోతే ప్రకటనే రద్దవుతుంది. ఆస్తి దాస్తే జైలు. దివాలా పిటిషన్ వేయడానికి ముందు రెండేళ్లలో ఊరికే ఇంకొకరి పేర రాసిన ఆస్తిని వెనక్కి లాగొచ్చు. మొదటి వకీలు నన్ను ఎక్కడికి తోశాడో అప్పుడర్థమైంది. పైగా ప్రభుత్వోద్యోగికి దివాలా అనేది ప్రవర్తనా నియమాల కింద పై అధికారులకు చెప్పుకోవాల్సిన విషయం.

నా భయం జీతం గురించి. మొత్తం పట్టేస్తారనుకున్నాను. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చూపించారు. మామూలు అప్పు డిక్రీకి జీతంలో మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. లెక్కకు వచ్చే జీతం 40 వేలైతే పట్టేది 13 వేలు. అదీ ఒక డిక్రీకి మొత్తం 24 నెలలే. పీఎఫ్ జోలికి రాకూడదు. కొండ మీద అమ్మ పేరనున్న భూమి 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్ వల్ల గిరిజనేతరుడి పేరుకు మారదు. ఆ రాత్రి చాన్నాళ్లకు నిద్రపట్టింది.

అయినా పిటిషన్ వేద్దామనే ఉంది నాకు. అప్పుడు మేడమ్ అడిగారు: "చిట్టీకి జామీను ఎవరు?"

మా కొండవాడే, నాతోపాటు ట్రైనింగ్ చేసినవాడు. నేను అన్నయ్యా అని పిలుస్తాను. సంతకం చేసేటప్పుడు కాగితం కూడా చదవలేదు.

"మీకు డిశ్చార్జి వచ్చినా జామీనుదారు బయటపడడు. మీరు దిగిన బరువు ఆయన నెత్తికెక్కుతుంది" అన్నారు.

నేనేమీ మాట్లాడలేదు. ఇంటికి వెళ్తూ అన్నయ్య బడి దగ్గర బస్సు దిగాను. సంగతంతా చెప్పాను. "నీ ఇష్టంరా, నా జీతం పడితే పడనీ" అన్నాడు. ఆ మాట అనకుండా తిట్టి ఉంటే ఐపీ పెట్టేసేవాణ్ణేమో.

పెట్టలేదు. మేడమ్ ప్రోనోట్లవాళ్లను లోక్ అదాలత్‌కు పిలిపించారు. వడ్డీ నూటికి రూపాయికి దిగింది, వాయిదాలు కుదిరాయి. అక్కడ రాసుకున్న ఒప్పందం కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మా ఆవిడ పుస్తెలతాడు తప్ప మిగతా బంగారం అమ్మి చిట్టీ సగం కట్టాం. బ్యాంకుకు ఇంకా కడుతున్నాను.

ఐపీ తప్పని నేననను. ఏ ఆధారమూ లేనివాడికి అది చట్టం ఇచ్చిన దారి, సిగ్గుపడాల్సింది కాదు. కానీ అది ఎవరికి పనికొస్తుందో కాగితాలు చూసిన వకీలే చెప్పగలడు. లెక్క అడగకముందే ఫీజు అడిగినవాడి దగ్గర, ఆస్తి పేరు మార్చమన్నవాడి దగ్గర కూర్చోకండి. దారి తెలియకపోతే 15100కు ఫోన్ చేయండి, న్యాయసేవల వాళ్ల నంబరు అది.

ఇప్పుడు నా దగ్గరికి మా ఊరివాళ్లు వస్తుంటారు. ఒక్కొక్కరికీ రెండు రూళ్ల నోటుపుస్తకం ఇచ్చి ఎవరికెంతో రాయిస్తాను. రాయడం రానివాళ్లు చెబితే వాళ్ల పిల్లలు రాస్తారు. మా తాత లెక్క షావుకారు దగ్గర ఉండేది. వీళ్ల లెక్క వీళ్ల ఇంట్లో ఉంటుంది.