తొలి మూడు రోజుల నీటి లెక్క

28 వారాలకు ముందే పుట్టిన బిడ్డ చర్మం నీటిని పట్టి ఉంచలేదు. పైపొర ఇంకా గట్టిపడి ఉండదు. ఒంటి బరువులో 80 శాతానికి పైగా నీరే. అది ఆవిరై గాలిలో కలిసిపోతుంది. పులుసు ఇగిరితే ఉప్పెక్కినట్టు రక్తంలో సోడియం పెరుగుతుంది. లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ ఉండాల్సింది రెండో రోజుకో మూడో రోజుకో 150 దాటడం ఇంత చిన్న బిడ్డల్లో అరుదేమీ కాదు. మెదడులో రక్తస్రావం జరిగేది కూడా ఎక్కువగా ఆ రోజుల్లోనే. దుర్గ్ జిల్లాలోని ఒక నవజాత శిశు విభాగాన్ని ఈ వ్యాసకర్త చూసింది ఆ రెండింటి ముడి ఎక్కడుందో తెలుసుకోవడానికే.

బయల్దేరిన చోటు భిలాయి-3. ముంబై–హౌరా రైలు మార్గంలో, చరోదా మార్షలింగ్ యార్డు పక్కనున్న ఊరు. రైల్వేలోను, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన ఉక్కు కర్మాగారంలోను పనికి వచ్చి ఈ చుట్టుపక్కల స్థిరపడిన ఉత్తరాంధ్ర కుటుంబాలు చాలానే ఉన్నాయి. నెలలు నిండకుండా నొప్పులొస్తే ఇక్కడివాళ్లకు పడమరకు వెళ్తే సెక్టర్ 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి, తూర్పుకు వెళ్తే ఖారున్ నది దాటాక రాయపూర్ టాటీబంద్‌లోని ఎయిమ్స్. ఎటు వెళ్లినా బిడ్డ కడుపులో ఉండగానే వెళ్లడం మేలు. పుట్టాక అంబులెన్సులో తరలించిన పసికందుల్లో మెదడు రక్తస్రావం ఎక్కువని చాలాకాలంగా తెలుసు. ముందే చేరితే తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చే వ్యవధి కూడా దొరుకుతుంది. అవి బిడ్డ ఊపిరితిత్తులతో పాటు మెదడునూ కాపాడతాయి.

విభాగంలోకి వెళ్లాలంటే చెప్పులు బయట విడిచి, మోచేతుల దాకా చేతులు కడుక్కోవాలి. లోపల వరసగా వార్మర్లు. మన దేశంలో ఇలాంటి విభాగాలకు ఆధారం ఈ వార్మరే: ధర తక్కువ, బిడ్డ సిబ్బంది చేతికి అందుబాటులో ఉంటుంది. కానీ పైనుంచి వేడి కొడుతూ చుట్టూ తెరిచి ఉండే ఈ పరికరం కింద బిడ్డ ఒంటి నీరు ఇంకా త్వరగా ఆరిపోతుంది. మే నెలలో బయట 45 డిగ్రీల వడగాలి, లోపల ఏసీ, రెండూ పొడిగాలులే. అందుకే వార్మర్ అంచుల మీదుగా పల్చటి ప్లాస్టిక్ షీటు బిగిస్తారు. మూసి ఉన్న ఇంక్యుబేటర్ ఉంటే మొదటి వారం గాలిలో తేమను 80 శాతం దాకా ఉంచి, తర్వాత మెల్లగా తగ్గిస్తారు. కొబ్బరినూనె రాస్తే చర్మం గుండా పోయే నీరు తగ్గుతుందని మన దేశంలో జరిగిన పరిశోధనలోనే తేలింది. అమ్మమ్మలు ఈ మాట విని ఆశ్చర్యపోరు.

అక్కడ అన్నిటికన్నా విలువైన వస్తువు వెంటిలేటర్ కాదు, గ్రాముల్లో తూచే త్రాసు. సోడియం ఎందుకు పెరిగిందో రక్తపరీక్ష ఒక్కటే చెప్పదు, బరువు చెబుతుంది. బరువు బాగా పడిపోయి సోడియం పెరిగితే నీరు పోయినట్టు. బరువు తగ్గకుండానే పెరిగితే ఉప్పు ఎక్కువైనట్టు. తూకం తగ్గిందంటే ఇంటివాళ్లు బెంగపడతారు గాని, మొదటి వారంలో 10 శాతం, మరీ చిన్న బిడ్డల్లో 15 శాతం దాకా తగ్గడం సహజమే.

రక్తస్రావం మొదలయ్యే చోటు మెదడు కుహరాల అంచున ఉంటుంది. కొత్త కణాలు పుట్టి మెదడంతా సర్దుకోవడానికి బయలుదేరే మెత్తని పొర అది. దాని రక్తనాళాల గోడలు అతి పల్చన. రక్తపోటు కొంచెం ఎగసిపడినా తట్టుకోలేవు. సుమారు 34 వారాలకల్లా ఆ పొర దాదాపు కరిగిపోతుంది, దానితో ప్రమాదమూ తగ్గుతుంది. రక్తంలో సోడియం హఠాత్తుగా పెరిగితే మెదడు కణాల్లోని నీరు నాళాల్లోకి లాగబడి, మెదడు కుంచించుకుపోతుంది. ఒకపక్క నాళాలు సాగుతాయి, మరోపక్క వాటిలో రక్తం పరిమాణం పెరుగుతుంది. అలా అవి చిట్లుతాయన్నది వైద్యుల అనుమానం.

ఈ అనుమానానికి బలమిచ్చింది సోడియం బైకార్బొనేట్. రక్తంలో ఆమ్లం పెరిగిన పసికందులకు ఒకప్పుడు దాన్ని ధారాళంగా ఇచ్చేవారు. వాడకం తగ్గించాక మెదడు రక్తస్రావాలూ తగ్గాయని 1974లో అమెరికా వైద్యులు ప్రకటించారు. తర్వాతి అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదు. సోడియం పెరగడమే కారణమా, లేక మరీ చిన్న, మరీ జబ్బుగా ఉన్న బిడ్డల్లో రెండూ కలిసి కనిపిస్తాయా అన్నది ఇంకా చర్చలోనే ఉంది. చర్చ తేలేదాకా ఆగనక్కర్లేదు. అంకె పెరగకుండా చూడటం ఎలాగూ చేయాల్సిన పనే.

ఉప్పు దొంగదారిన వస్తుంది. మందు ఇచ్చాక గొట్టం శుభ్రం చేయడానికి ఎక్కించే సాధారణ సెలైన్‌లో లీటరుకు 154 మిల్లీమోల్స్ సోడియం ఉంటుంది. 700 గ్రాముల బిడ్డకు రోజంతా కలిపి 5 మిల్లీలీటర్లు ఎక్కిస్తే కిలోకు 1.1 మిల్లీమోల్ చేరినట్టే. మొదటి రోజు ఎక్కించే ద్రవంలో సోడియమే కలపకూడదనుకున్న బిడ్డకు అది చిన్న మోతాదు కాదు. అందుకే సిరంజిలో వాడిన ప్రతి చుక్కనూ చార్టులో రాయడం మంచి పద్ధతి.

పెరిగిన సోడియాన్ని దించడంలోనూ తొందర పనికిరాదు. ఈలోగా మెదడు కణాలు తమను తాము సర్దుకుని ఉంటాయి. నీరు గబగబా ఎక్కిస్తే ఉబ్బిపోయి మూర్ఛలు రావచ్చు. 24 గంటల్లో లీటరుకు 10 నుంచి 12 మిల్లీమోల్స్‌కు మించి దించకూడదన్నది సాధారణ హద్దు. నీరు పెంచి, తేమ పెంచి, కొన్ని గంటలకోసారి పరీక్షిస్తూ పోతారు.

రక్తస్రావం జరిగిందో లేదో మాడు మీద పెట్టే అల్ట్రాసౌండ్ చూపిస్తుంది. 1978 నుంచి వాడుకలో ఉన్న వర్గీకరణ ప్రకారం తీవ్రత నాలుగు మెట్లు. మొదటి రెండు మెట్ల బిడ్డలు చాలామంది కోలుకుంటారు. మూడో మెట్టులో రక్తంతో నిండి కుహరాలు ఉబ్బుతాయి, నాలుగో దానిలో రక్తం మెదడు కణజాలంలోకీ చేరుతుంది. అలాంటి బిడ్డల్లో కొందరికి తలలో నీరు చేరి శస్త్రచికిత్స అవసరమవుతుంది. దాన్ని ముందే పసిగట్టడానికి తల చుట్టుకొలతను టేపుతో క్రమం తప్పకుండా కొలుస్తారు. ఇంటికి పంపాక కూడా ఆ కొలతలకు, చూపు, వినికిడి, నడక పరీక్షలకు తల్లిదండ్రులు బిడ్డను తీసుకువస్తూనే ఉండాలి.